అమెరికా నర్సు పరీక్ష: తప్పినవారు మరల సిద్ధమగు విధము

కొన్ని మాసముల క్రిందట ఆరోగ్య ప్రచారమునకై కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమునకు పోయియుంటిని. సభ ముగిసి జనము ఇండ్లకు మరలిన పిమ్మట ఒక రైతు నన్ను తన ఇంటి అరుగుమీద కూర్చుండబెట్టి, మజ్జిగ ఇచ్చి, కొంతసేపు పంట సంగతులు మాటాడి, అటుతరువాత అసలు విషయమునకు వచ్చెను.

"మా అమ్మాయి హైదరాబాదులో అమెరికా నర్సు పరీక్ష రాసిందండీ. పోయిందంట. ఎన్ని మార్కుల్లో పోయిందమ్మా అని అడిగితే తెలియదంటుంది. మార్కులు లేని పరీక్ష ఎక్కడన్నా ఉంటుందాండీ? మా దగ్గర దాస్తందేమోనని మా ఇంటిదానికి ఒకటే దిగులు."

ఆ అమ్మాయి తలుపు వెనుకనే నిలిచియున్నది. నాలుగేండ్లు బి.యస్‌సి. నర్సింగు చదివి, మూడేండ్లనుండి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అత్యవసర చికిత్సా విభాగమున రాత్రి పగలు పనిచేయుచున్న పిల్ల. పరీక్ష రుసుములకును, శిక్షణకును, కాగితములకును తండ్రి అర ఎకరము తాకట్టుపెట్టి అప్పు తెచ్చెను. ఆమె యేదియు దాచుటలేదు. ఆ పరీక్షలో నిజముగనే మార్కులు చెప్పరు. ఈ చిన్న సంగతి తెలియక ఆ ఇంట తల్లికి నిద్ర లేదు, కూతురికి ముఖమెత్తు ధైర్యము లేదు. ఆ రాత్రి నాకును సమాధానము పూర్తిగా తెలియదు. తరువాత ఆ పరీక్ష నియమములను చదివి, అందులో తప్పి మరల వ్రాసి నెగ్గిన కొందరు నర్సులతో మాటాడి తెలిసికొన్న విషయములను ఇచట వ్రాయుచున్నాను. ఇట్టి కుటుంబములు మన పల్లెలలో ఇంకను ఉన్నవి.

మన దేశములో నర్సింగు చదువు ముగించి, తుది పరీక్షలో ఉత్తీర్ణురాలైన అమ్మాయి రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని నర్సుగా పనిచేయును. అమెరికాలో అట్లు చాలదు. అచటనే చదివినవారైనను, అన్యదేశములనుండి వచ్చినవారైనను, రిజిస్టర్డు నర్సు లైసెన్సు పొందవలెనన్నచో ఎన్‌క్లెక్స్ ఆర్.ఎన్. అను పరీక్షలో నెగ్గవలెను. లైసెన్సు నిచ్చునది ఆ దేశములోని ఒక్కొక్క రాష్ట్రపు నర్సింగు బోర్డు. పరీక్షను తయారుచేయునది ఆ బోర్డులు కలిసి 1978లో ఏర్పరచుకొన్న జాతీయ మండలి. దాని ప్రధాన కార్యాలయము చికాగో నగరమున ఉన్నది. పరీక్షను నడుపు పని పియర్సన్ వ్యూ అను సంస్థది. మన దేశములో ఇందుకు కేంద్రములున్న నగరములలో హైదరాబాదు ఒకటి. కావున పరీక్ష కొరకు ఎవ్వరును సముద్రము దాటనక్కరలేదు.

ఇక మార్కుల సంగతి. 1994 నుండి ఈ పరీక్ష కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. అందరికి ఒకే ప్రశ్నపత్రముండదు. కంసాలి గురివింద గింజలతో బంగారము తూచుట మన పెద్దలు చూచినదే. నగ యున్న పళ్ళెము దిగినచో రెండవ పళ్ళెములో ఇంకొక గింజ వేయును. గింజల పళ్ళెము దిగినచో ఒకటి తీయును. ముల్లు కుదురువరకు అట్లే చేయును. ఎన్నిమార్లు వేసి తీసెనన్నది లెక్క కాదు, ముల్లు ఎచట కుదిరెనన్నదే లెక్క. కంప్యూటరు చేయునదియు అట్టిదే. సరియైన జవాబు వచ్చినచో కొంచెము కఠినమైన ప్రశ్నను, తప్పు వచ్చినచో కొంచెము సులువైన ప్రశ్నను ఇచ్చుచు, అభ్యర్థి సామర్థ్యము ఏ స్థాయిలో నిలుచునో చూచును. నెగ్గినవారును, తప్పినవారును ఇంచుమించు సగము ప్రశ్నలకే సరియైన జవాబులు వ్రాసియుండవచ్చును. నెగ్గినవారు కఠినమైన ప్రశ్నలలో సగము వ్రాసిరి, తప్పినవారు సులువైన ప్రశ్నలలో సగము వ్రాసిరి. భేదమంతయు అందులోనే యున్నది. నూటికి ముప్పదియైదు వచ్చినచో గట్టెక్కితిమని భావించు మన అలవాటునకు ఇది వింతగా తోచును. అందుచేతనే ఎన్ని మార్కులు తక్కువైనవన్న ప్రశ్నకు అమెరికాలోని ఆ మండలియందైనను జవాబు దొరకదు.

ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150. కాలము 5 గంటలు. మొదటి 85 ప్రశ్నలలో 15 లెక్కకు రావు. భవిష్యత్తులో వాడుటకై వానిని పరీక్షించి చూచుచుందురు. కాని అవి యేవో అభ్యర్థికి తెలియనీయరు. ఉత్తీర్ణతకు నిర్ణయించిన గీతకు అభ్యర్థి పైన ఉన్నదో, క్రింద ఉన్నదో నూటికి 95 పాళ్ళు నిశ్చయమైనప్పుడు యంత్రము పరీక్షను నిలిపివేయును. నిశ్చయము కానిచో 150 వరకు అడుగుచునే యుండును. 85 వద్ద ఆగినచో తప్పక నెగ్గినట్లేయని కొందరును, అంత త్వరగా ఆగినచో పోయినట్లేయని కొందరును చెప్పుకొందురు. రెండును వట్టి మాటలు. 85 వద్ద ఆగుట అనగా అటో ఇటో స్పష్టముగా తేలినదని మాత్రమే అర్థము. 150 వరకు పోయి తప్పినవారు గీతకు చాల దగ్గరలో ఉండి తప్పినవారు.

నేను చెప్పిన అమ్మాయికి 150 ప్రశ్నలును వచ్చినవట. ఈ సంగతి ఆమె తండ్రికి ఫోనులో వివరించినప్పుడు ఆయన కొంతసేపు మాటాడలేదు. "అయితే గట్టు దాకా వచ్చి జారిందన్న మాట," అనెను. అంతకంటె చక్కగా నేను చెప్పజాలను.

మార్కులు చెప్పకపోయినను, తప్పినవారికి ఒక పత్రమిత్తురు. ఏ విభాగములో అభ్యర్థి గీతకు పైన ఉన్నదో, దగ్గర ఉన్నదో, క్రింద ఉన్నదో అందులో వేరువేరుగా తెలుపబడును. మరల సిద్ధమగువారికి దీనికంటె విలువైన కాగితము లేదు. కాని పెక్కురు దుఃఖముచేత దానిని ఒకమారు చూచి పెట్టెలో దాచివేయుదురు; పిమ్మట మొదటి పుస్తకము మొదటి పుటనుండి మరల ఆరంభింతురు. చేనిలో ఒక మడి ఎండినచో ఆ మడికి నీరు పెట్టవలెను గాని, చేనంతటికి మరల దున్నకము మొదలుపెట్టరు గదా. "దగ్గర" అని యున్న విభాగమును నెగ్గిన విభాగముగా తలచి విడిచివేయుట మరియొక పొరపాటు. దగ్గర అనగా నిలకడ లేదని అర్థము. క్రింద ఉన్నవానికి మొదట కాలమిచ్చి, తరువాత దగ్గర ఉన్నవానిని గట్టిపరచుకొని, పైన ఉన్నవానిని మరచిపోకుండునంత మాత్రము చూచుకొనవలెను.

విభాగములన్నియు సమానమైనవి కావు. 2023 ప్రణాళిక ప్రకారము రోగుల సంరక్షణను నిర్వహించుట అను విభాగమునకు నూటికి 15 నుండి 21 వరకును, మందులు, సెలైను మొదలగువానికి 13 నుండి 19 వరకును ప్రశ్నలు కేటాయింపబడినవి. మానసిక స్థితి, ఆరోగ్య పోషణ వంటివి ఒక్కొక్కటి 6 నుండి 12 వరకే. మన నర్సులు తరచుగా తడబడునది ఆ మొదటి పెద్ద విభాగమునందే. ఇది కొంత వివరముగా చెప్పదగినది. ఏలయన, చదువులో చురుకైనవారు, పనిలో నేర్పరులు ఎందుకు తప్పుచున్నారన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే యున్నది.

మన ఆసుపత్రులలో రోగికి అన్నము తినిపించుట, ఒళ్ళు తుడుచుట, లేపి నడిపించుట వంటి పనులు పెక్కుచోట్ల ఇంటివారే చేయుదురు. వైద్యుడు వ్రాసినది నర్సు చేయును. సందేహము కలిగినచో వైద్యుని పిలుచును. అమెరికా ఆసుపత్రిలో రిజిస్టర్డు నర్సు క్రింద తక్కువ చదువు గల ప్రాక్టికల్ నర్సులు, లైసెన్సు లేని సహాయకులు పనిచేయుదురు. ఏ పని ఎవరికి అప్పగింపవచ్చునో, ఏది తానే చేయవలెనో నర్సు క్షణములో నిర్ణయింపవలెను. కులాసాగా నున్న రోగికి భోజనము తినిపించు పని సహాయకునకు ఇవ్వవచ్చును. పక్షవాతము వచ్చిన రోగికి మొదటిసారి ముద్ద పెట్టు పని ఇవ్వరాదు. ఆ ముద్ద గొంతు దిగునో, ఊపిరిగొట్టములో పడునో చూడవలసినది నర్సు. చూచుటకు రెండును అన్నము పెట్టుటయే. ఈ భేదము పుస్తకము బట్టీపట్టినవారికి కనబడదు.

ఎవరిని ముందు చూడవలెనన్న ప్రశ్నలు మరియొక రకము. నమూనాగా ఒకటి చెప్పెదను. ఉదయము పనిలోనికి వచ్చిన నర్సుకు నలుగురు రోగులు. నిన్న శస్త్రచికిత్స జరిగిన ఒకరు నొప్పి భరింపలేకున్నానని మందు అడుగుచున్నారు. మధుమేహము గల ఒకరికి రక్తములో చక్కెర 180 ఉన్నది. ఒకరు ఇంటికి పోవుటకు కాగితములకై ఎదురుచూచుచున్నారు. నాలుగవవాడు ఉబ్బసరోగి, రాత్రియంతయు వినబడిన పిల్లికూతలు ఇప్పుడు ఆగిపోయినవి, మగతగా పడియున్నాడు. ఎవరివద్దకు ముందు పోవలెను? కేకవేయుచున్నవారి వద్దకు పోవుట మానవ సహజము. కూతలు ఆగినవి గనుక ఉబ్బసము తగ్గినదని పామరుడు సంతోషించును. కాని మగతతో కూడ కూతలు ఆగుట అనగా గాలి లోనికి పోవుటయే నిలిచిపోవుచున్నదని అర్థము. నర్సు పరుగెత్తవలసినది అతని వద్దకే. ఈ ప్రశ్నకు కావలసిన జ్ఞానము మన కళాశాలలో చెప్పినదే. ఆ జ్ఞానమును నలుగురి నడుమ నిలిచి వాడుట మాత్రము మన పరీక్షలు అడుగవు. మనము "ఉబ్బసము: కారణములు, లక్షణములు, చికిత్స" అని పుటలకొలది వ్రాయించి మార్కులిత్తుము.

2023 ఏప్రిల్ 1వ తేదీనుండి ఈ తీర్పుశక్తికే ప్రాముఖ్యమిచ్చు కొత్త విధము అమలులోనికి వచ్చినది. ప్రతి అభ్యర్థికిని మూడు రోగుల వృత్తాంతములు, ఒక్కొక్కదానిపై 6 ప్రశ్నలు తప్పక వచ్చును. ఆ ఆరును ఒక క్రమములో నడుచును: ఆనవాళ్ళు గుర్తించుట, వాని అర్థము తెలిసికొనుట, ఏది ముఖ్యమో నిశ్చయించుట, ఏమి చేయవచ్చునో ఆలోచించుట, చేయుట, చేసినది ఫలించినదో లేదో చూచుట. ఆకు పసుపెక్కిన చేనిని చూచి, నీరు నిలిచినదా, పురుగు పట్టినదా, ఎరువు చాలలేదా యని తేల్చుకొని, వేసిన మందు పనిచేసినదో లేదో నాలుగు దినముల తరువాత మరల పోయి చూచు రైతు కూడ ఈ ఆరు మెట్లే ఎక్కుచున్నాడు. కావున అక్కలు, స్నేహితురాండ్రు ఇచ్చిన 2023కు ముందటి పుస్తకములు ఉన్నచో వానిని మూలజ్ఞానమునకు మాత్రము వాడుకొనవలెను. పరీక్ష ప్రణాళికను మూడేండ్లకొకమారు సవరించుచుందురు. మరల వ్రాయువారు ఆ మండలి వెబ్‌సైటులో ఉచితముగా లభించు తాజా ప్రణాళికను మొట్టమొదట చదువవలెను.

మాటతీరునకు సంబంధించిన ప్రశ్నలు మనవారికి మరొక చిక్కు. భయపడిన రోగి చేయి పట్టుకొని "ఏం ఫర్వాలేదమ్మా, అంతా మంచే జరుగుతుంది" అనుట మన దేశములో మంచి నర్సు లక్షణము. ఆ పరీక్షలో అది తప్పు జవాబు. రోగి భయమేమో అడిగి చెప్పనిచ్చుట, విని నిలుచుట సరియైన జవాబు. రోగము సంగతి ముందుగా కొడుకునకో, భర్తకో చెప్పి రోగివద్ద దాచుట మనలో దయ అనిపించుకొనును. అచట అది రోగి హక్కునకు భంగము. పూర్తి తెలివిగల రోగి చికిత్స వద్దన్నచో, అది తన మనస్సునకు ఎంత కష్టముగా నున్నను నర్సు ఆ మాటను మన్నింపవలెను. ఏది గొప్ప పద్ధతియన్న చర్చ ఇచట అనవసరము. నా మట్టుకు నాకు మన నర్సమ్మ పలుకు ఓదార్పే ఇష్టము. కాని పరీక్ష వారిది, పనిచేయవలసిన ఊరు వారిది.

మందుల పేర్లలోను కొంత అలవాటు మార్చుకొనవలెను. మన పారసిటమాలును అచట ఎసిటమినోఫెన్ అందురు. ఆయాసమునకు వాడు సాల్బుటమాల్ అచట ఆల్బ్యుటరాల్; అడ్రినలిన్ అచట ఎపినెఫ్రిన్. మందు చేతిలో నున్నను పేరు తెలియక జవాబు పోగొట్టుకొన్నవారున్నారు. బరువు కొన్ని ప్రశ్నలలో పౌనులలో ఇయ్యబడవచ్చును. ఒక కిలోకు 2.2 పౌనులు. 154 పౌనుల రోగి అనగా 70 కిలోలు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున మందు వ్రాసినచో 350 మిల్లీగ్రాములు. లెక్క చిన్నదే, కాని పౌనులను కిలోలుగా మార్చుట మరచినచో మందు రెట్టింపు మించును. ఇట్టి మార్పులకు ఒక చిన్న పట్టిక వ్రాసికొని వంటింటి గోడకు అంటించుకొన్నానని ఒక నర్సు నాతో చెప్పినది.

ఇది ఇంగ్లీషు భాషా పరీక్ష కాదు. దానికి వేరే పరీక్షలున్నవి. ఐనను ప్రశ్నను నెమ్మదిగా, తుదివరకు చదువుట రానివారికి తెలిసిన జవాబు కూడ దక్కదు. "రోగికి ఇంకను బోధన అవసరమని తెలుపు మాట ఏది?" అని అడిగినప్పుడు రోగి పలికిన తప్పు మాటను ఎన్నుకొనవలెను. తొందరలో మూడు మంచి మాటలలో ఒకదానిని ఎన్నుకొని పోవుదురు. మన పరీక్షలలో తెలియని ప్రశ్నను విడిచి, చివర మరల వచ్చి వ్రాయుట అలవాటు. ఇచట ఒకమారు జవాబిచ్చి ముందుకు పోయినచో వెనుకకు దారి లేదు. జవాబియ్యక ముందుకు పోవుటకును వీలులేదు. వర్తించునవన్నియు ఎన్నుకొనుమను ప్రశ్నలలో ఇప్పుడు కొంత సరియైనను ఆమేరకు లెక్కకు వచ్చును. ఐతే అన్నిటిని గుర్తుపెట్టివేయుదమన్న ఎత్తు పారదు. అట్టి ప్రశ్నలలో తప్పుగా గుర్తుపెట్టినది సరియైనదానినుండి తగ్గింపబడును.

తప్పినవారు ఎప్పుడు మరల వ్రాయవచ్చును? మండలి నియమము ప్రకారము రెండు పరీక్షల నడుమ 45 దినములు గడువవలెను. సంవత్సరమునకు 8 మార్లకు మించి వ్రాయరాదు. ఏ రాష్ట్రపు బోర్డు ద్వారా దరఖాస్తు చేసిరో ఆ బోర్డు ఇంతకంటె కఠినమైన నియమము పెట్టవచ్చును. ఉదాహరణకు ఫ్లోరిడా రాష్ట్రములో మూడుమార్లు తప్పినవారు మరల వ్రాయుటకు ముందు ప్రత్యేక శిక్షణ పూర్తిచేయవలెను. కావున మొదట తమ బోర్డు నియమమును చూచుకొనవలెను. ప్రతిమారును బోర్డునకు మరల తెలుపుకొని, పరీక్షకు మరల నమోదు కావలెను. నమోదు రుసుము 200 డాలర్లు. అమెరికాకు వెలుపల వ్రాయువారు తేదీ పుచ్చుకొనునప్పుడు ఇంకొక 150 డాలర్లును, దానిపై పన్నును చెల్లింపవలెను. పిమ్మట బోర్డు అంగీకరించినచో అనుమతి లేఖ వచ్చును. దాని గడువు సాధారణముగా 90 దినములు. ఆ గడువులో వ్రాయనిచో రుసుము పోవును.

45 దినములన్నది కనీసపు గడువు మాత్రమే. ఆ దినము రాగానే వ్రాసితీరవలెనని కాదు. అప్పు వడ్డీ పెరుగుచున్నదని, చుట్టములు అడుగుచున్నారని, 46వ దినమున పోయి కూర్చుండి మరల తప్పినవారి సంగతి నేను విన్నాను. గీతకు దగ్గరలో తప్పినవారికి రెండు మూడు మాసములు చాలవచ్చును. పెక్కు విభాగములలో క్రింద ఉన్నవారు, చదువు విడిచి ఏండ్లు గడచినవారు నాలుగైదు మాసములు తీసికొనుట మేలు. తేదీని ముందు పుచ్చుకొని చదువును దానికి ఇరికించుటకంటె, అభ్యాస పరీక్షలలో నిలకడ వచ్చిన పిమ్మట తేదీ పుచ్చుకొనుట మంచిది.

మరల వ్రాసి నెగ్గినవారిని ఎట్లు చదివితిరని అడిగితిని. వారి మాటలలో ఒక పోలిక కనిపించినది. మొదటిమారు వారు ఎక్కువ చదివి తక్కువ ప్రశ్నలు చేసిరి; రెండవమారు దినమునకు యాబదియో, డెబ్బదియో ప్రశ్నలు చేసి, ఒక్కొక్కదాని వివరణకు ప్రశ్నకంటె ఎక్కువ కాలమిచ్చిరి. సరియైన జవాబు ఎందుకు సరియైనదో తెలిసికొనుట సగము పని. మిగిలిన మూడు ఎందుకు కావో, ఏ పరిస్థితిలో అవి సరియగునో తెలిసికొనుట మిగిలిన సగము. ఒక నర్సు తప్పుల పుస్తకమొకటి పెట్టుకొన్నది. అందులో ప్రశ్న వ్రాయలేదు; తాను ఎందుకు తప్పితినో ఒక్క వాక్యము వ్రాసినది. "తెలియదు", "తొందరపడితిని", "రోగిని చూడకముందే వైద్యుని పిలిచితిని" అని. మాసము తిరిగిన పిమ్మట లెక్కించి చూడగా "తెలియదు" అన్నవి సగము కూడ లేవట. తనకు కావలసినది మరియొక పుస్తకము కాదని ఆమెకు అప్పుడు తెలిసినది.

వారమునకొకమారు 85 ప్రశ్నలు ఒకే బిగిని, ఫోను దూరముగా పెట్టి, పరీక్ష జరుగు వేళకే చేయవలెను. రాత్రి డ్యూటీ చేసి వచ్చి ఉదయము కూర్చుండి చదివినది మనస్సున నిలువదు. వీలున్నచో చివరి మాసమున పగటి డ్యూటీ అడుగవలెను. సెలవు దొరకినచో ఇంకను మంచిది. కొందరు ఉద్యోగమే మానివేయుదురు. ఇంట వేరే ఆధారము లేనివారు ఆ పని చేయరాదని నా అభిప్రాయము. జీతము ఆగిన ఇంట పుస్తకము ముందు మనస్సు నిలుచుట కష్టము.

పరీక్షలో వచ్చిన ప్రశ్నలే తమవద్ద ఉన్నవని వేలకొలది రూపాయలు అడుగువారు ఫోనులలో కనబడుచుందురు. ప్రశ్నలు బయటికి చెప్పుటయు, అట్టివి సంపాదించి వాడుటయు నిషేధము. బయటపడినచో ఫలితము రద్దగును, లైసెన్సునకే ముప్పు వచ్చును. పైగా వేలకొలది ప్రశ్నల నిధినుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క విధముగా ప్రశ్నలు వచ్చు పరీక్షలో ఎవరో చూచిన ప్రశ్నలు మనకెందుకు వచ్చును?

ఇక ఇంటివారితో ఒక మాట. తప్పిన పిల్లకు మొదట కావలసినది కాలము. దినమునకు మూడు నాలుగు గంటలు ఎవ్వరును పిలువని గది, లేదా వరండాలో ఒక మూల. పెండ్లియైనవారైనచో ఆ గంటలలో పిల్లవానిని చూచుకొను ఒక మనిషి. అత్తవారింట కోడలు పుస్తకము పట్టుకొని కూర్చున్నదని మాట రాకుండ భర్త చూచుకొనవలెను. పరీక్ష తేదీ ఊరందరికి చెప్పనక్కరలేదు. సంబంధము చూచుటకు వచ్చినవారి ముందు "అమెరికా పరీక్ష రాస్తందండీ" అని చెప్పుట తల్లిదండ్రులకు ముచ్చటగా నుండును. ఆ మాట బరువంతయు పిల్ల తలపైననే పడును. ఎన్నవమారు నెగ్గినను వచ్చు లైసెన్సు ఒకటే. వారమో, రెండు వారములో గడచినను పిల్ల తిండి మానివేసి, నిద్రలేక, ఎవ్వరితోను మాటాడకున్నచో దానిని అలుకయని విడిచిపెట్టక వైద్యునకు చూపవలెను. టెలి మానస్ అను ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు 14416 నంబరునకు ఫోను చేసినచో ఉచితముగా, తెలుగులోనే మాటాడుదురు.

పేరు విషయమున మన తెలుగువారు ప్రత్యేకముగా జాగ్రత్త వహింపవలెను. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు పొడి అక్షరముగా ముందుండును. పాస్‌పోర్టులో అదియే పూర్తిగా, వేరొక గడిలో ఉండును. నమోదులో ఇచ్చిన పేరును పాస్‌పోర్టులోని పేరును సరిపోలవలెను. పెండ్లి తరువాత పాస్‌పోర్టు మార్పించుకొన్నవారు మొదటిసారి ఇచ్చిన పాత పేరుతోనే రెండవమారు నమోదై, కేంద్రము వాకిటినుండి వెనుకకు మరలవలసివచ్చును. కట్టిన రుసుము కూడ తిరిగి రాదు. అనుమతి లేఖ చేతికి వచ్చిన నాడే పాస్‌పోర్టును ప్రక్కన పెట్టుకొని అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. పాస్‌పోర్టు గడువు కూడ చూడవలెను.

పల్లెలనుండి పోవువారు పరీక్షకు ముందటి దినముననే హైదరాబాదు చేరుట మంచిది. రాత్రి బస్సులో కూర్చుండి తెల్లవారి పరీక్షకు పోవుట మొదటిసారి తప్పినవారిలో కొందరు చేసిన పొరపాటు. కేంద్రములో ఫోటో తీయుదురు, సంతకము తీసికొందురు, అరచేతి నరముల గుర్తును యంత్రముపై పట్టుదురు. పుస్తకములు, ఫోను, గడియారము లోనికి పోనీయరు. వ్రాసి తుడుచుకొను పలక ఒకటి వారే ఇత్తురు. లెక్కలకు యంత్రము తెరమీదనే యుండును. నడుమ లేచి నీరు త్రాగి రావచ్చును గాని ఆ కాలము 5 గంటలలోనే తగ్గిపోవును. ఐనను లేచుటయే మంచిదని నెగ్గినవారు చెప్పిరి. మూడవ గంట తరువాత కన్ను చదివినది బుద్ధి కెక్కదు.

ఫలితమును తెలుపునది బోర్డు. అందుకు ఆరు వారములవరకు పట్టవచ్చును.

నేను మజ్జిగ త్రాగిన ఆ ఇంటి అమ్మాయి 45వ దినమున పోలేదు. నాలుగు మాసములు ఆగి, చివరి మాసము పగటి డ్యూటీ అడిగి తీసికొని, గతవారము మరల వ్రాసివచ్చినది. తండ్రి నాకు ఫోను చేసెను. ఈమారు మార్కుల మాట ఎత్తలేదు. "97 ప్రశ్నల దగ్గర ఆగిందంటండీ. అటో ఇటో తేలిందన్న మాట," అనెను. ఫలితము ఇంకను రావలసియున్నది.